ఒక్క ఫొటో ట్యాగులు

చీటీలమ్మ సంచి సర్దుకుంటోంది. కళ్ళజోడు, నీళ్ళ సీసా, చేతిరుమాలు, అంచులు నలిగిన నోటుపుస్తకం.

ఆఫీసు వాళ్ళిచ్చిన ఫోనును మాత్రం కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

రేపటి నుంచి పనిలోకి రావద్దని పొద్దున చెప్పిన మేనేజరమ్మ, అటు చూడలేక కంప్యూటర్లోకి చూస్తూ కూర్చుంది.

పేరూ ఊరూ చెప్పుకోలేక ఆసుపత్రుల్లో, ఆశ్రయాల్లో మిగిలిపోయినవాళ్ళ ఫొటోలు పెట్టే వెబ్‌సైటు ఈ ఆఫీసుది. ప్రతి ఫొటో కిందా ట్యాగులుంటాయి. "మగ", "అరవై ఏళ్ళు", "పొట్టి". ఒకదాన్ని నొక్కితే ఆ మాట ఉన్న ఫొటోలన్నీ వరసగా వస్తాయి.

ట్యాగుల్ని చీటీలంటుంది కాబట్టి ఆమె అందరికీ చీటీలమ్మ. ఆమె రాసే తీరే వేరు.

"ఈల వేస్తే తల తిప్పుతాడు! ఇదేం ట్యాగండీ?" అంది మేనేజరమ్మ, ఉండబట్టలేక.

"నిజమేనమ్మా. సెలవు రోజున వెళ్ళి, పక్కన కూర్చుని చూసొచ్చాను."

"నొక్కితే ఒక్క ఫొటో వస్తోంది. ట్యాగంటే పదిమందిని ఒకచోట చేర్చాలి."

"వెతుక్కునేవాళ్ళకి కావలసింది ఒక్కరేగా తల్లీ."

"మాటలకేం తక్కువ లేదు. నాలుగుసార్లు చెప్పాను, చెవిన పెట్టారా?"

"పెట్టానమ్మా. చెయ్యే వినలేదు."

పక్క బల్ల అమ్మాయి కిసుక్కున నవ్వింది. చీటీలమ్మ కూడా నవ్వి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

మేనేజరమ్మ శుభ్రం చేసే పనిలో పడింది. ఒక్క ఫొటోకే ఉన్న ట్యాగుల్ని ఏరి తీసేయడం. గంటలో మూడొందలు పోయాయి.

ఫోను మోగింది. ముసలి గొంతు.

"అమ్మాయ్, ఈల వేస్తే తల తిప్పుతాడని ఇందాక ఒకటి కనిపించింది. మా ఆవిణ్ణి పిలుచుకొచ్చేలోగా మాయమైందేంటి?"

"మీకు దాంతో ఏం పనండీ?"

"మా తమ్ముడమ్మా వాడు! మాట రాదు. ఈల వేసే పిలిచేవాణ్ణి. తప్పిపోయి పదకొండేళ్ళు. అరవై ఏళ్ళు, పొట్టి అని నొక్కితే రెండొందల మొహాలొస్తున్నాయి. నా కళ్ళు ఆనవు తల్లీ."

"లైన్లోనే ఉండండి" అని మేనేజరమ్మ ఆ ట్యాగును వెనక్కి పెట్టింది.

అవతల నుంచి సన్నగా ఒక ఈల వినిపించింది.

మేనేజరమ్మ చీటీలమ్మ కోసం గేటు దాకా పరుగెత్తింది.

"ఇందాకటి నుంచీ బస్సు కోసం చూసి, ఇప్పుడే ఎక్కిందమ్మా. ఊరొదిలి పోతున్నానంది" అన్నాడు కాపలా తాత.

"ఏ ఊరికి?"

"అడిగా. నవ్వింది."

తిరిగొచ్చి, తీసేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి పెట్టసాగింది. సాయంత్రానికి ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. "కూర్చోమంటే ఇక లేవదు."

నొక్కింది. పాత నలుపు తెలుపు ఫొటో. నాలుగేళ్ళ పాప, రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని ఉంది.

"ఇప్పుడున్న చోటు" అన్న గడిలో ఈ ఆఫీసు చిరునామా ఉంది.

దాని కింద చీటీలమ్మ రాసుకున్నది ఒక్క వాక్యమే: "ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తానని నన్ను ఆసుపత్రి బెంచీ మీద దించి వెళ్ళిన మా అమ్మ, యాభై రెండేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం నుంచీ తిరిగి రాలేదు."