మలుపులో ఆగే బస్సు

"మళ్ళీ ఆగిందిరా," అంది అక్క, తమ్ముడు ఇంకా చెప్పులు విప్పకముందే. "మలుపు తిప్పుతుంటే బస్సు ఉన్నచోటే బిగుసుకుపోయింది."

"ఎన్నిసార్లు?"

"తిప్పిన ప్రతిసారీ."

ఆగింది నిజం బస్సు కాదు, కంప్యూటర్ ఆటలోది. అక్క మాత్రం నిజం డ్రైవరే, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఎనిమిది నెలల క్రితం వానలో బస్సు జారి గోడకు కొట్టుకుంది. ప్రయాణికులందరూ క్షేమంగా దిగారు, అక్క కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ, నెలాఖరున డిపోలో పరీక్ష నెగ్గితేనే మళ్ళీ స్టీరింగు. లేకపోతే టికెట్ల కిటికీ వెనక కుర్చీ. ఆ కుర్చీ మాటెత్తితే చాలు, ఆమె ముఖం మాడిపోయేది.

చెయ్యి మళ్ళీ అలవాటు పడాలని తమ్ముడి పాత కంప్యూటర్ ముందు బొమ్మ స్టీరింగు, పెడళ్ళు పెట్టుకుని పగలంతా నడిపేది. పక్కన ఎవరైనా నిలబడితే చెయ్యి ఆడదట. అందుకని తమ్ముడు దుకాణానికి వెళ్ళాకే ఆమె బస్సు బయలుదేరేది.

తమ్ముడు కళ్ళద్దాలు అరగదీసే పనివాడు, వెంట్రుకవాసి తేడానైనా ఒప్పుకోడు. సాయంత్రం తను నడిపి చూస్తే ఆట ఎక్కడా ఆగలేదు. గంటల తరబడి నడిపితే వేడెక్కి మొరాయిస్తోందని తేల్చేశాడు. మలుపు తిరగగానే కొత్త వీధి మొత్తం ఒక్కసారిగా గీయాలి, తొమ్మిదేళ్ళ గ్రాఫిక్స్ కార్డుకు అంత ఓపిక ఎక్కడిది? కొత్తది తెస్తానంటే అక్క వద్దే వద్దంది.

సరే, ఉన్నదాని వేగమే పెంచుదామనుకున్నాడు. పెట్టె విప్పి దుమ్ము దులిపాడు, చిప్పు వేడి లాగే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది రాశాడు. ఆ తర్వాత పెద్దవాళ్ళను మెట్లెక్కించినట్టు, రోజుకు ఒక్క మెట్టు. వేగం కాస్త పెంచడం, అరగంట పరీక్ష నడపడం, వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకోవడం.

రెండోరోజు అక్క, కొన్ని మలుపుల్లోనే ఆగిందని చెప్పింది. మూడోరోజు, ఆగబోయి కదిలిందంది. తమ్ముడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

నాలుగోరోజు పరీక్షలో తెరంతా రంగురంగుల చుక్కలు లేచాయి. వెంటనే ఒక మెట్టు దింపాడు, ఇంకోటి దింపాడు. పాత వేగానికి వచ్చాక గానీ చుక్కలు పోలేదు. ముసలి కార్డును ఇంకా తరిమితే కాలిపోతుందని అక్కడితో ఆపేశాడు. ఆ సంగతి అక్కతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఇంకో మెట్టు ఎక్కించానని చెప్పేశాడు.

మర్నాటి సాయంత్రం అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఇవాళ ఒక్కచోట కూడా ఆగలేదురా. నీ చేతిలో ఏదో ఉంది."

తమ్ముడి అబద్ధాన్ని నమ్ముకుని అక్క నిజం బస్సు ఎక్కబోతోంది. చెబితే ధైర్యం పోతుంది, చెప్పకపోతే ఏమవుతుందో తెలీదు. నెలాఖరుదాకా అతనికి అన్నం సయించలేదు.

పరీక్షరోజు సెలవు పెట్టి డిపో గోడ పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అక్క తీసుకెళ్ళిన బస్సు నలభై నిమిషాలకు తిరిగొచ్చింది. గేటు దగ్గర ఇరుకు మలుపును ఒక్క ఊపులో తిరిగి లోపలికి వెళ్ళింది. కాసేపటికి అక్క కాగితం పట్టుకుని బయటికొచ్చింది. సోమవారం నుంచి డ్యూటీ అంది.

తమ్ముడి కళ్ళు చెమర్చాయి. ఇక దాచలేకపోయాడు.

"అక్కా, నేను ఆ కార్డు వేగం పెంచలేకపోయాను. నాలుగోరోజే పాతదానికి దించేశాను. నువ్వు బెంగపడతావని అబద్ధమాడాను."

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఆట ఎప్పుడూ ఆగలేదురా, నేనే భయపడి బ్రేకు తొక్కేదాన్ని."