సింహాచలం లాలాజలం

డ్రైవరు లాలాజలం పరీక్షించాకే బస్సులు కదిలే రోజులవి. నర్సీపట్నంలో పొద్దున్నే డ్రైవరు సింహాచలం స్టీరింగు పక్కనున్న పరీక్ష పుల్లను నాలుకకు తాకించాడు.

"మీరు తిన్నదాంట్లోని ఫ్లేవనాయిడ్లు లాలాజలంతో రసాయన చర్య జరుపుతున్నాయి. మీకు నిద్రమత్తు ఉందో లేదో తేల్చలేను," అంది బస్సు మర్యాదగా.

"ఏటి తిన్నావు?" అని కండక్టరు నూకరత్నం నిలదీసింది.

"ఉల్లి పెసరట్టు. రెండే!"

బస్సు నిండా నర్సు పరీక్షకు వెళ్లే అమ్మాయిలు. తొమ్మిదింటికి అనకాపల్లిలో పరీక్ష కేంద్రం గేటు మూసేస్తారు. వాళ్ల కంగారు చూడలేక ఒక పెద్దాయన, నోరు శుభ్రపడుతుందని టీ తాగించాడు. బస్సు ఎర్రదీపం వెలిగించింది. వెనక సీటు మామ్మ తమలపాకు నమిలించింది. బస్సు హారన్ మోగించడం మొదలెట్టింది.

"ఇంక నా నోట్లో ఏటీ ఎట్టకండి తల్లీ!" అని సింహాచలం దండం పెట్టాడు.

నూకరత్నానికి ఆ రోజు ఉపవాసం. నాలుగేళ్ల కిందటే డ్రైవరు లైసెన్సు తీసుకున్నా, ఎవరూ ఆమెను స్టీరింగు దగ్గరకు రానివ్వలేదు. టికెట్ల మిషను సింహాచలం చేతిలో పెట్టి, కొత్త పుల్లను నాలుకకు తాకించింది. బస్సు వెంటనే స్టార్టయింది.

తొమ్మిదికి పది నిమిషాల ముందే అమ్మాయిలు గేటు దాటారు.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి సింహాచలం నోరు బాగుపడింది. డ్రైవరు సీటు పక్క తలుపు దగ్గరకు వచ్చి ఆశగా నిలబడ్డాడు. నూకరత్నం సీట్లోంచి లేవలేదు.

"అలా సూస్తావేటి? జనం ఎక్కేశారు."

సింహాచలం నిట్టూర్చి వెనక్కి నడిచాడు. మెట్టెక్కి, బస్సును రెండుసార్లు చరిచాడు.

"రైట్... రైట్!"