నూట యాభై దాటితే

డాక్టరు చెప్పింది ఒక్కటే మాట. నిమిషానికి నూట యాభై దాటి కొట్టుకుంటే, ఆ గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు.

మొగుడుగారు వింటేగా! యాభై దాటినవాళ్లలో ఎవరూ తొక్కనంత దూరం, ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన సైకిలు తొక్కి రికార్డు కొడతానని భీష్మించుకు కూర్చున్నాడు. గడువు ఇంకో వారం.

భార్య ఏడ్చింది, అలిగింది, నాలుగు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. సాధనంతా ఇంట్లోనే, మేడమీది గదిలో సైకిల్ని స్టాండుకి బిగించి. ఇద్దరూ జంటగా కొనుక్కున్న ఒకేలాంటి చేతి గడియారాల్లో ఆయనది లెక్కపెట్టే గుండె వేగం ఆవిడ ఫోనులో కనబడాలి. నూట యాభై దాటిందా, వెళ్లి ఆపేస్తుంది. ఆపిన రోజుతో సైకిలు ఊసు బంద్.

నిన్న నూట నలభై ఎనిమిది దాకా పోయింది. ఆవిడకి చెమటలు పట్టాయి. ఆయన ముఖం కూడా వాడిపోయింది.

ఇవాళ కింద గదిలో కుట్టుమిషను మీదే ఫోను నిలబెట్టుకుని కూర్చుంది. పైన చక్రం గిర్రుమంటోంది. అంకె చూస్తే ఎనభై రెండు! తొక్కుతున్నాడా, తొక్కుతున్నట్టు నటిస్తున్నాడా? అనుమానం వచ్చి కింద నుంచే అడిగింది.

"గుండె అలవాటు పడిపోయిందే. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు రొప్పుతూ.

పోనీలే, దారికొచ్చిందనుకుంది. మిషను జోరుగా తొక్కింది.

పదకొండింటికి పైన చప్పుడు ఆగింది. మధ్యలో కాసేపు నడుం వాల్చడం ఆయనకి మామూలే. అయినా ఆవిడకి ఒళ్లు ఝల్లుమంది. గబుక్కున ఫోను చూసింది. తొంభై ఎనిమిది. కొట్టుకుంటోంది కదా, ఇంకేం భయం అని మనసుకి నచ్చజెప్పుకుంది. అంకె కూడా మెల్లగా డెబ్బై నాలుగుకి దిగింది. నిద్రపోయినట్టున్నాడు పాపం, లేపడమెందుకని రెండు చొక్కాలకి కాలర్లు కుట్టేసింది.

పన్నెండున్నరకి భోజనానికి పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. మెట్లెక్కుతూ ఫోను చూస్తే నూట పద్దెనిమిది. చక్రం మాత్రం తిరగడం లేదు.

ఆయన సైకిలు పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు చల్లగా తగిలింది.

అంబులెన్సులో వచ్చిన నర్సు మెడ మీద వేళ్లు ఆనించి చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. తల అడ్డంగా ఊపింది.

"ప్రాణం పోయి గంట దాటిందమ్మా."

"అవేం మాటలమ్మా? ఇదిగో, నూట ముప్పై ఆరు. ఇంకా కొట్టుకుంటోంది, నువ్వే చూడు" అంటూ ఆవిడ ఫోను చాపింది.

నర్సు ఆ చేతిని మెల్లగా పట్టుకుని తిప్పింది. పొద్దున "నీ గడియారం మరిచిపోయావ్" అంటూ ఆయన దగ్గరుండి ఆవిడకి తొడిగిన గడియారం మీద అదే నూట ముప్పై ఆరు వెలుగుతోంది.