ఏడున్నర బస్సు

“ఆ బొమ్మ దించేయ్ పాపా. అది మా అమ్మ.”

లాస్‌పేట కాలేజీ హాల్లో బొమ్మల ప్రదర్శన మొదలై గంట కూడా కాలేదు. గోడ ముందు నిలబడి వేలు చూపిస్తున్నాడు నరేంద్రన్. మేట్టుపాళయంలో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట.

యానాం నుంచి వచ్చి ఇక్కడ బొమ్మలు నేర్చుకుంటున్న పల్లవి అటు తిరిగింది. నల్ల సిరాలో నీళ్లు కలిపి కుంచెతో వేసిన బొమ్మ. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టి, రెండో చేత్తో సంచీ గుండెకు అదుముకుని ఒక ఆడమనిషి ఏడున్నర బస్సు కోసం పరుగెడుతోంది. ముఖం లేదు. ముఖం గీసేంతసేపు ఆ మనిషి ఆగితే కదా. నెల రోజులు పొద్దున్నే మురుంగపాక్కం బస్టాపులో కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్లను గీసిన నలభై బొమ్మల్లో పల్లవికి ప్రాణం లాంటిది అదే.

“ఆవిడెవరో నాకు తెలీదండీ. మొహమే లేదు కదా, మీ అమ్మగారని ఎలా అంటారు?”

“మొహం యేంటికి? ఆ వొంగిన వీపు చూడు. అరవై దాటిన మనిషిని పనికి తరుముతా ఉండానని మా వీధిలో నవ్వరా?”

తనూ భార్యా సంపాదిస్తున్నారు కదా అని తల్లిని పని మాన్పించి రెండేళ్లయిందట. తనకు చెప్పకుండా మళ్లీ వెళ్తోందని ఈ బొమ్మ చూశాకే తెలిసిందట.

పల్లవికి జాలేసింది. అయినా దించలేదు. ఆవిడనే తీసుకురమ్మంది. ఆవిడ వద్దంటే తన చేతులతోనే చించేస్తానంది.

అతను విసురుగా వెళ్లిపోయాక మాస్టారు అనంతరామన్ వచ్చి, గొడవెందుకు, ఆ చోట ఇంకోటి పెట్టమని నచ్చజెప్పబోయారు. పల్లవి వినలేదు. ఆ ఒక్క పరుగు కాగితం మీదికి రావడానికి ఎన్ని కాగితాలు పాడయ్యాయో తనకు తెలుసు. కుర్చీ లాక్కుని బొమ్మ కిందే కూర్చుంది. భోజనానికి కూడా లేవలేదు.

మూడింటికి తల్లి చెంగమ్మను బండి మీద తీసుకొచ్చాడు నరేంద్రన్. దారిపొడుగునా అరుస్తూనే వచ్చినట్టున్నాడు, గొంతు బొంగురుపోయింది. చెంగమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని బొమ్మకు దగ్గరగా జరిగింది. చాలాసేపు చూసింది. పల్లవి లేచి నిలబడింది. మాట ఇచ్చింది కాబట్టి, ఆవిడ తల అడ్డంగా ఊపితే చించాల్సిందే.

“దించమని చెప్పమ్మా,” అన్నాడు నరేంద్రన్.

“వద్దు పాపా, ఉండనీ. దినామూ కండ్ల ముందర పోతా ఉన్నా వీడు చూసింది లేదు. ఈ గోడ మీదైనా చూడనీ,” అని చెంగమ్మ కొడుకు వైపు తిరిగింది.

“నేను కాదు రా అది. నీ పెళ్లాం.”