చెల్లని బిళ్ళలు

“దిగండి బాబూ, దిగండి. ఈ బిళ్ళలు మాకాడ సెల్లవు.”

సోంపేట ఇంకా సగం దూరం ఉండగానే, జీడితోటల మధ్య సర్వీసు ఆటో ఆపేశాడు పోలారావు. వెనక సీట్లో లోకనాథ్ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. అరచేతిలో మూడు పది రూపాయల బిళ్ళలు తళతళలాడుతున్నాయి.

“చెల్లకపోవడమేంటయ్యా! సర్కారు ముద్రేసిన డబ్బు. కాదన్నావంటే కేసవుతుంది.”

“కేసు తరవాత సూద్దాం. ఈటిని నానట్టుకెల్తే టీ కొట్టోడు మొకాన ఇసిరికొడతాడు. నోటియ్యండి. నేదంటే ఫోన్లో కొట్టండి.”

నోట్లెక్కడివి? మేనల్లుడి పెళ్ళికని టెక్కలి నుంచి బారువ వచ్చి, ఉన్నవన్నీ చదివింపుల్లో ఇచ్చేశాడు. పెళ్ళి వీడియోలు తీసీ తీసీ ఫోను కాస్తా చచ్చింది. మిగిలింది ఒళ్ళో ఉన్న ఎర్రగళ్ళ సంచీ, అందులో గలగలమనే బిళ్ళలు.

లోకనాథ్‌కి నాణేల పిచ్చి. పది రూపాయల బిళ్ళ మీద ఎన్ని రకాల బొమ్మలొచ్చాయో అన్నీ పోగేశాడు. కొబ్బరిపీచు వాళ్ళ కాయర్ బోర్డుకి అరవయ్యేళ్ళు నిండాయని వేసిన బిళ్ళ ఒక్కటే చిక్కలేదు. దానికోసం ఆయన తిరగని ఊరు లేదు, దూరని సంత లేదు. చివరికి పలాస జగదీష్ దగ్గర రెండున్నాయని తెలిసింది. సంచీలో ఉన్న వాటిలోంచి నచ్చినవి ఏరుకుని ఒకటి మార్పిడి చేస్తానన్నాడు. నాలుగింటిదాకా సోంపేట బస్టాండులో ఉంటాడు. నాలుగు దాటితే ఆ బిళ్ళ ఇంకొకాయనకి వెళ్ళిపోతుంది. ఇప్పుడు మూడున్నర.

“ఎవడో ఏదో అంటే నమ్మేయడమేనా?” లోకనాథ్ గొంతు పెంచాడు.

“నానొక్కడినేటి బాబూ, ఉద్దానమంతా నమ్మింది.”

ఈ జనానికి బుద్ధెప్పుడొస్తుందో అని లోకనాథ్‌కి ఒళ్ళు మండిపోయింది.

పక్కన ఎండుచేపల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎర్రమ్మ ఇందాకటి నుంచీ ఆ సంచీకేసే చూస్తోంది. “తగువెందుకు బాబూ? బిళ్ళలు నాకియ్యి, నోట్లిత్తాను.”

లోకనాథ్‌కి ప్రాణం లేచొచ్చింది. “చూశావా, ఈ తల్లికున్న తెలివి నీకు లేకపోయింది!” అంటూ సంచీ మూతి విప్పాడు.

“బిళ్ళకి అయిదు రూపాయలు.”

“అయిదా! ఇది పదమ్మా!”

“సెల్లని బిళ్ళకి అయిదే ఎక్కువ. ముప్పయ్యికి ఆరు బిళ్ళలు. ఇట్టమైతే ఇయ్యి, నేదంటే దిగి నడువు.”

పోలారావు హారన్ మోగించాడు. లోకనాథ్ వాచీ చూసుకున్నాడు. కాయర్ బోర్డు బిళ్ళ కళ్ళముందు ఆడింది. పళ్ళు నూరుతూ ఆరు బిళ్ళలు ఏరి ఆమె చేతిలో పోశాడు. ఆమె రొంటిలోంచి మూడు నలిగిన నోట్లు తీసి పోలారావుకి అందించింది. ఆటో కదిలింది.

నాలుగింటికి అందుకుంటానన్న సంతోషం ఒకపక్క, సగానికి సగం పోయిందన్న కడుపుమంట ఒకపక్క. లోకనాథ్‌కి ఉక్రోషం ఆగలేదు.

“పట్టపగలు దోపిడీ ఇది! ఇవి చెల్లవని, బిళ్ళకి అయిదు చాలని నీకెవరు చెప్పారమ్మా అసలు?”

ఎర్రమ్మ బిళ్ళల్ని కొంగున గట్టిగా ముడేసుకుంది.

“నువ్వే సెప్పావు బాబూ, మూడేళ్ళ కిందట సంతలో, ఈ సంచీ అట్టుకొనే.”