వెనక సీటు మీద ఫ్లాపీ

తొంభై ఎనిమిదిలో ఏంజెలిన్, గొర్రె బరువు కొడితే ఎంత మందు తాపాలో చెప్పే ప్రోగ్రామ్ రాసింది. తప్పులుంటే ఎవరైనా దిద్దమని కోడ్‌తో సహా ఫ్లాపీలు పంచింది. ఆర్నెల్లయినా ఒక్కటీ తిరిగి రాలేదు.

ఒక రాత్రి ఆత్మకూరు కంప్యూటర్ సెంటర్లో ఒక్కతే ఉండగా, ఉదయగిరి బస్సు కండక్టర్ మస్తాన్ ఒక ఫ్లాపీ తెచ్చాడు.

“ఎవరిచ్చినారన్నా?”

“ఎవరూ ఇయ్యలేదమ్మా. ఖాళీ బస్సులో వెనక సీటు మీద ఉండాది. నీ పేరు రాసుండాది.”

తెరిచి చూసింది. ఒక్క వరుస దిద్ది ఉంది. గొర్రెపిల్లల మందు లెక్క ఇప్పుడు సరిగ్గా వస్తోంది. కానీ తప్పున్న ఆ వరుసను ఆమె ఆ సాయంత్రమే రాసింది. ఇంకా ఏ ఫ్లాపీలోకీ ఎక్కించలేదు.

అయినా, ఎవరో చదివారు. బస్సు కదిలేలోగా మిగతా కోడంతా కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చింది.

“ఎవరికియ్యాలమ్మా?”

“ఆ సీటు మీదే పెట్టన్నా.”