ఊపిరిలో మట్టి

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. "ఊపిరితిత్తుల నిండా మట్టి దుమ్ము పేరుకుపోయింది. ఇక నయమయ్యేది కాదమ్మా."

పింగాణీ పని నేర్పే టీచరు బెదరలేదు. పాత్రలు చేస్తూ, పిల్లలకు నేర్పుతూనే ఆమె జుట్టు నెరిసింది. దగ్గు కూడా ఏళ్లనాటిదే. పరీక్షకు రానని మొండికేస్తే కూతురే లాక్కొచ్చింది. "నువ్వూ తీయించుకుంటేనే" అని పంతం పట్టి, కూతురికి కూడా ఎక్స్‌రే తీయించింది.

"బతికినంత కాలం మట్టిలోనే బతికాను బాబూ. నాకేం బెంగ లేదు" అంది నవ్వుతూ.

డాక్టరు ఫిల్ము దించాడు. "మీది మామూలు దగ్గేనమ్మా. ఇది మీ అమ్మాయిది. ఆవిడేం పని చేస్తారు?"

టీచరు ఆ ఫిల్ము కేసి చూసింది. తను చక్రం ముందు తడిమట్టితో కూర్చునేది. క్లాసు అయ్యాక గదంతా రాలిన పొడిమట్టిని చిన్నప్పటి నుంచీ కూతురే ఊడ్చేది. ముందు గది శుభ్రం చెయ్యి, తర్వాతే చక్రం ముట్టుకో అని నేర్పింది తనే.

ఆమె బయటికి రాగానే బెంచీ మీంచి కూతురు గబగబా లేచి వచ్చి చేయి పట్టుకుంది.

"ఏమన్నారమ్మా? ఏదైనా సరే, హడలిపోకు. నిన్ను చూసుకోవడానికి నేను లేనూ?"